వంటమనిషికి పళ్ళు కట్టినప్పుడు

పళ్ళ డాక్టర్లు కాబోతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ చేతికిచ్చి కూర్చోబెట్టగానే, "మేడం, మీరు చేసినవాటిలో కష్టమైన కేసు ఏది?" అని అడుగుతారు. యాక్సిడెంటులో దవడ విరిగినవాడి గురించో, ఒక్క పన్నూ లేకుండా వచ్చి సినిమా హీరోలా తిరిగివెళ్ళిన పెద్దమనిషి గురించో చెబుతాననుకుంటారు. నేనేమో అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో పప్పు ఉప్పగా అయిన సంగతి మొదలుపెడతాను. పాపం, వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. చదువుతూ ఆవలించినా నాకు కనబడదు.

నేను చేసిన పని నోరంతా పాడైనవాళ్ళకు మళ్ళీ నోరు కట్టివ్వడం. ఒక పన్ను పుచ్చితే నింపేవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. కొన్ని ఊడిపోయి, కొన్ని అరిగిపోయి, మిగిలినవి కదిలిపోయి, ఎటు నమిలినా నొప్పే అన్నవాళ్ళు మాత్రం నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చాలా ఏళ్ళు గవర్నమెంటు ఆసుపత్రిలో చేశాను. రిటైరయ్యాక, 2009 నుంచి 2014 దాకా చిక్కడపల్లిలో సొంత క్లినిక్ నడిపాను. ఆసుపత్రిలో నేను పళ్ళు చూశాను. పళ్ళున్న మనుషుల్ని చూసింది మాత్రం చిక్కడపల్లిలోనే.

మెట్ల మీది క్లినిక్

మా క్లినిక్ మెయిన్ రోడ్డుకు ఒక గల్లీ లోపల, ఒక జిరాక్స్ షాపు పైన ఉండేది. కింద పొద్దున్నుంచీ కాంపిటీటివ్ పరీక్షల నోట్సులు జిరాక్స్ అవుతూ ఉండేవి. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలకు పంటినొప్పి కూడా సిలబస్ అయ్యాకే వచ్చేది. బుగ్గ పొంగి కన్ను మూతపడేదాకా ఓర్చుకుని, పరీక్ష రాసి, అదే రోజు సాయంత్రం మెట్లెక్కేవాళ్ళు. తిట్టేదాన్ని. తిట్టించుకుని, నోరు తెరిచే "నోటిఫికేషన్ మళ్ళా ఎప్పుడొస్తదో ఏమో మేడం" అనేవాళ్ళు. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అయితే నా పేషెంట్లు సగంమంది రాలేరు. వచ్చిన సగంమంది బంద్ గురించి మాట్లాడటం ఆపరు. నోట్లో అద్దం పెడితే తప్ప వాదన ఆగేది కాదు. ఆ క్లినిక్‌లో నాకు విసుగన్నది పుట్టలేదు. ఇప్పటికీ ఆ గల్లీ మీద ప్రేమ పోలేదు.

పెద్దసార్

నాకు ఈ పని నేర్పింది నారాయణగూడలో ప్రాక్టీసు చేసిన ఒక పెద్దాయన. అందరం పెద్దసార్ అనేవాళ్ళం. కోపం ముక్కు మీద ఉండేది. పళ్ళ అచ్చు సరిగా తీయకపోతే దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసేవారు, కింద ఎవరున్నారో చూసేవారు కాదు. ఆయన దగ్గర రెండు అలవాట్లు పట్టుకున్నాను. జీవితమంతా అవే నన్ను కాపాడాయి.

మొదటిది, గట్టిగా ఉన్న కోరపన్నును పీకకపోవడం. నోట్లో ఇంకేమీ మిగలకపోయినా సరే. అప్పట్లో ఏదో ఒకటీ అరా మిగిలితే వాటినీ తీసేసి పూర్తి కట్టుడుపళ్ళ సెట్టు పెట్టేయడం సులువని అందరూ అదే చేసేవాళ్ళు. పెద్దసార్ ఒప్పుకునేవారు కాదు. "జల్దీ ఎందుకమ్మా? పీకినంక మళ్ళ పెట్టొస్తదా? వేరు ఉండనియ్యి, పైన కోసి సాఫ్ చేసి దాని మీద సెట్టు కూర్చోవెట్టు. ఎప్పుడన్న కామ్‌కొస్తది" అనేవారు. ఎప్పుడొస్తుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండోది, ఇంటివాళ్ళు చూడకుండా ఎవరికీ పళ్ళు ఖాయం చేయకపోవడం. దాని వెనక హైదర్‌గూడలో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కథ ఉంది. సెట్టు లెక్కప్రకారం అద్భుతంగా కుదిరింది. అద్దంలో చూసుకుని ఆయన ఎంతో మురిసిపోయారు. ఇంటికి వెళ్ళిన గంటకు భార్య ఫోన్ చేసి, "ఈయన మా ఆయన కాదండీ, వాపసు తీసుకోండి" అంది. నవ్వకండి, ఆవిడ నిజంగానే ఏడ్చింది. ముందుపళ్ళ మధ్య ఆయనకు చిన్న సందు ఉండేదట. పెళ్ళిచూపుల్లో ఆమెకు నచ్చిందే అది. మళ్ళీ పళ్ళూడదీసి సందు పెట్టించారు పెద్దసార్. అప్పటినుంచీ మైనంలో పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూసే రోజున ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే.

కొంగు చాటు బాలమణి

బాలమణి నా దగ్గరికి తనంతట తాను రాలేదు. ముగ్గురు ఆడపిల్లలు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె అశోక్‌నగర్‌లో వాళ్ళుండే హాస్టల్‌లో వంటమనిషి. అరవై దాటి ఉంటాయి. మహబూబ్‌నగర్ వైపు నుంచి భర్తతో కలిసి వలస వచ్చి, ఈ నగరంలో ఎన్నో మేడలకు ఇటుకలు మోసి, ఆయన పోయాక, నడుం ఇక ఒప్పుకోక వంటపనిలో చేరింది. ఒక్కతే. బాగ్ లింగంపల్లి దగ్గర బస్తీలో ఒక గది.

ముగ్గురిలో మాట్లాడేది సుజాత. కరీంనగర్ వైపు అమ్మాయి, గ్రూప్స్‌కు చదువుతోంది. వచ్చీరాగానే కేసు నా ముందు పెట్టేసింది.

"మేడం, మా పెద్దమ్మకు పండ్లు పెట్టియ్యాలె. మాకేమో వేడి వేడి రొట్టెలు చేసి పెడ్తది. తను మాత్రం చాయ్‌ల నానవెట్టుకొని, అందరం తిన్నంక, మూలకు ఒక్కతే కూసోని తింటది. మాతోని కూసో అంటే వినది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాలమణి గొణిగింది. "నాకేం వొద్దమ్మా. ఈ పోరిలే గుంజుకొచ్చిన్రు. నా తిండి నేను తింటనే ఉన్న."

కొంగు తీయించడానికే చాలాసేపు పట్టింది. పైన రెండే పళ్ళు, రెండూ కోరపళ్ళే, రాయిలా గట్టిగా ఉన్నాయి. కింద ముందుపళ్ళు ఉన్నాయిగానీ సగానికి అరిగిపోయి, చిగుళ్ళకు కొంచెం పైన నున్నగా మిగిలాయి. వెనక దంతాలు ఏనాడో పోయాయి. దేంతో తోముకుంటావమ్మా అని అడిగాను.

"ఇటుక పొడి. చిన్నప్పటి సంది గదే. ఇటుకల పనే కదా డాక్టరమ్మా, ఏడికి వోయినా దొరుకుతది."

ఎవరొచ్చినా నేను మొదట ఒకే ప్రశ్న అడిగేదాన్ని. పళ్ళు ఎలా కావాలని కాదు, పళ్ళొస్తే ఏం తినాలనుందని. బాలమణి చాలాసేపు ఆలోచించింది. పిల్లలు మటన్ అని ఒకరు, సకినాలని ఒకరు అందిస్తున్నారు. ఆమె వాళ్ళ మాట పట్టించుకోలేదు.

"మక్క కంకి. కాల్చింది. గింజలు ఒలిచి ఇచ్చుడు గాదు. కంకి వట్టుకొని కొరకాలె."

నాకు ఆమె అప్పుడే నచ్చేసింది. తినాలని ఉన్నవాళ్ళకు పళ్ళు కట్టడం సుఖం. ఫోటోల కోసం వచ్చేవాళ్ళకు ఎంత చేసినా తృప్తి ఉండదు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

పైపన్ను పీకితే కళ్ళు పోతాయని ఆమె భయం. నేను పీకనని చెప్పాను. ఆ రెండు కోరపళ్ళకూ రూట్ కెనాల్ చేసి, చిగురు దాకా కోసి, నున్నగా చేసి, వాటి మీద పై సెట్టు కూర్చోబెట్టాలి. కింద అరిగిన పళ్ళను మళ్ళీ ఎత్తు పెంచి క్యాపులు వేయాలి, వెనక తీసిపెట్టుకునే పళ్ళు కట్టాలి. నోరంతా కట్టడమంటే ఇదే. ఒక్కో పన్ను చేయడం పెద్ద విషయం కాదు. అన్నీ కలిసి ఒక నోరు కావడమే కష్టం.

మామూలుగా మూసుకోమంటే

సెట్టు కట్టాలంటే మనిషి దవడ ఏ ఎత్తులో, ఎక్కడ హాయిగా ఆగుతుందో పట్టుకోవాలి. ఎత్తు ఎక్కువైతే పళ్ళు టకటకమంటాయి, దవడ లాగుతుంది. తక్కువైతే మొహం నలిగినట్టు అవుతుంది. దీనికి పుస్తకంలో పరికరాలున్నాయి, కొలతలున్నాయి. కానీ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "మామూలుగా నోరు మూసుకోండి" అనండి, ఒక్కరూ మామూలుగా మూసుకోరు. పళ్ళు లేక ఏళ్ళు గడిచినవాళ్ళయితే కింది దవడను ముందుకు తోసి, చిగుళ్ళతో చిగుళ్ళు నొక్కుతారు. బాలమణి కూడా అంతే చేసింది. నాలుక వెనక్కి మడిచి గుటక వేయమన్నాను. భయంతో గుటక కూడా పడలేదు.

చివరికి మీకు కూరగాయలు ఎవరేస్తారమ్మా అని అడిగాను. కుర్చీలో లేచి కూర్చుంది.

"వాని పేరెత్తకు డాక్టరమ్మా. మొన్న వంకాయలల్ల సగం పుచ్చులే ఏసిండు. నేను ఇప్పి సూపిస్తే, పురుగుంటే మందు కొట్టలేదన్నట్టమ్మా, మంచిదే అంటడు. నవ్వుకుంట అంటడు. వాని నోట్ల మన్నువడ."

ఆ తిట్టు ముగిసి, పెదవులు కలిసి, మొహంలో కసి చల్లారిన క్షణంలో ఆమె దవడ ఎక్కడ ఆగిందో అదే నాకు కావలసిన ఎత్తు. గబగబా గుర్తు పెట్టుకున్నాను. మళ్ళీ రెండుసార్లు తిట్టించి సరిచూసుకున్నాను కూడా. ఆ కూరగాయలాయన ఎవరో నాకు తెలియదు, ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

మైనం పళ్ళు చూసిన రోజు

మైనంలో పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూసే రోజుకు ఇంటివాళ్ళలో ఎవరైనా రావాలని చెప్పాను. హాస్టల్ సగం వచ్చేసింది. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. రంగు దగ్గర గొడవ మొదలైంది. పిల్లలందరికీ టీవీ యాంకర్లకున్నంత తెలుపు కావాలి. బాలమణి చేత్తో అద్దం పట్టుకుని, ఆ తెల్లరంగు నమూనా పన్నును పక్కన పెట్టించి చూసుకుంది.

"గంత తెల్లగొద్దు బిడ్డ. సూసినోళ్ళు పండ్లనే సూస్తరు, నన్ను సూడరు."

కొంచెం పాతబడ్డ రంగు ఆమే ఎంచుకుంది. నేను ఆసుపత్రిలో ఏళ్ళపాటు స్టూడెంట్లకు గొంతు చించుకుని చెప్పిన పాఠం అదే.

సెట్టు పెట్టిన రోజు ఆమె అద్దం ముందు చాలాసేపు నిలబడింది. నవ్వింది, ఆపింది, మళ్ళీ నవ్వింది. మొదటి వారం చిగురు ఒరుసుకుని రెండుసార్లు వచ్చింది, సరిచేశాను. అన్నం ఎలా నమలాలో, మొదట్లో రెండువైపులా సమానంగా ఎలా నమలాలో చెప్పాను. "రుచి కొంచెం తగ్గినట్టుంటుంది, మెల్లగా అలవాటైపోతుంది" అని అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాను. పిల్లలతోపాటు కూర్చుని తింటోందని, కంకి కూడా కొరికిందని సుజాత ఫోన్ చేసి చెప్పింది. నేను ఆ రోజంతా గాల్లో తేలాను.

కూరలు మంచిగ లేవు

రెండు నెలలు పోయాక సుజాత ఒక్కతే వచ్చింది. పంటినొప్పేమో అనుకుని కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మేడం, పెద్దమ్మ పండ్లు మంచిగున్నయి. కూరలే మంచిగ లేవు."

నాకు నవ్వొచ్చింది. సుజాత మొహం చూసి ఆపుకున్నాను.

"నిజం మేడం. పప్పుల ఉప్పు ఒక దినం నోట్లె పెట్టనియ్యది. ఒక దినం ఉండనే ఉండది. కారం ఏసిందే మళ్ళా ఏస్తాంది. ఇంతకుముందు ఆమె చేతి వంటకు పక్క హాస్టలోళ్ళు కుళ్ళుకునేది. ఇప్పుడు మేం పప్పుల నీళ్ళు కలుపుకొని తింటున్నం."

"ఆమెకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్తం మేడం? రోజు నవ్వుకుంట వడ్డిస్తాంది. మూడేండ్ల సంది ఆమెతోని ఉంటున్న, ఆమె పండ్లు కనవడేటట్టు నవ్వుడు ఇప్పుడే చూస్తున్న."

ఇంకా అన్యాయం ఏమిటంటే, పిల్లలు తినడం తగ్గించింది బాలమణి గమనించింది. పరీక్షల పరేషాన్‌లో ఆకలి చచ్చిందనుకుని, పాపం, రోజుకో కూర ఎక్కువ చేసి బతిమాలి పెడుతోంది. ఆ ఎక్కువ కూరలో కూడా ఉప్పు ఎక్కువే. ఈలోపు హాస్టల్ యజమానురాలు వంట రుచి చూసి, బాలమణికి వయసైపోయింది, వచ్చే నెల నుంచి వేరే ఆమెను పెట్టుకుంటానని పిల్లలతో అనేసింది. సుజాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ పొయ్యి పోతే ఆమె ఏడికి పోతది మేడం? మళ్ళా ఇటుకలు మోస్తదా? పండ్లు పెట్టిద్దామన్నది నేనే."

ఆ అమ్మాయి వెళ్ళాక అసలు సంగతి నాకు తట్టింది. రుచి తెలిసేది నాలుకకే, నిజమే. కానీ పై సెట్టు అంగిలిని మొత్తం కప్పేస్తుంది. నాలుక వెళ్ళి తాకేది అంగిలినే. కూర అంగిలికి అద్దుకున్నప్పుడు తెలిసే వేడి, చిక్కదనం, నూనె, ఉప్పు కరిగే తీరు, ఇవన్నీ ఒక ప్లాస్టిక్ పలక వెనకపడిపోతాయి. తినేవాళ్ళు కొన్నాళ్ళకు అలవాటుపడతారు. పక్కవాళ్ళు వండింది తింటారు కాబట్టి తేడా వచ్చినా ఎవరికీ నష్టం లేదు. కానీ పాతికమందికి వండిపెట్టే మనిషి తన నోటిని కొలతగా వాడుకుంటుంది. అలవాటైపోతుంది అనే మాట మన వృత్తిలో మనం చాలా సులువుగా వాడేస్తాం. దాన్ని ఎవరితో అంటున్నామో చూసుకుని అనండి.

పొయ్యి దగ్గర

ఆదివారం పొద్దున్నే హాస్టల్‌కు వెళ్ళాను. బాలమణి సంబరపడిపోయి స్టూలు వేసి, గ్లాసు నిండా చాయ్ పోసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కొంచెం పెట్టమని అడిగి చేతిలో వేయించుకుని నాకాను. ఉప్పు నషాళానికి అంటింది. వంటగది గుమ్మంలో సుజాతా, ఇంకో ఇద్దరు పిల్లలూ నిలబడి ఉన్నారు. నా మొహంలో ఏం కనబడుతుందోనని చూస్తున్నారు.

"పై సెట్టు తీసేసి ఒకసారి పప్పు రుచి చూడమ్మా" అన్నాను.

"ఎందుకు? గిట్లనే సూసిన కదా."

"తీసి చూడు."

"పోరిలున్నరు డాక్టరమ్మా" అంది మెల్లగా. పళ్ళు వచ్చాక ఆమె ఎవరి ముందూ వాటిని తీయలేదు. పిల్లలు వెళ్ళబోయారు, నేనే ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు. వాళ్ళు లేకుండా జరిగితే ఆ దాగుడుమూతలు అలాగే ఉండిపోతాయనిపించింది, అంతే.

బాలమణి అటు తిరిగి సెట్టు తీసి గిన్నెలో నీళ్ళలో వేసింది. గరిటెతో పప్పు తీసి అరచేతి గుంటలో పోసుకుని, ఊది, నాకింది. మరోసారి నాకింది. పక్కనున్న టమాటా కూర మూత తీసి అదీ చూసింది. అప్పుడు గుమ్మం వైపు తిరిగింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"ఇన్ని దినాల సంది గిదే తిన్నరా మీరు?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీకు నోర్లు లేవా?"

సుజాత ఏడ్చేసింది. బాలమణి ఆ పిల్లను తిడుతూనే దగ్గరికి తీసుకుంది. గొడ్డు కూడా తినని పప్పు తిన్నారని, కడుపులు పాడైతే మీ అమ్మలకు ఏం జవాబు చెప్పాలని, పుస్తకాలు చదివితే బుద్ధి రాదని తిట్టింది. తిట్లు అయ్యాక నీళ్ళలో ఉన్న సెట్టును కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టింది.

"నీ పండ్లు నువ్వే పెట్టుకో డాక్టరమ్మా. మంచిగ చేసినవ్, నీ తప్పేం లేదు. నాకు ఈ పొయ్యి కావాలె."

ఆ రోజు పప్పు పారబోసి మళ్ళీ వండింది. పళ్ళు లేకుండా వండిన ఆ పప్పు తిన్నాకే పక్క హాస్టల్‌వాళ్ళు ఎందుకు కుళ్ళుకునేవాళ్ళో నాకు అర్థమైంది. నేను యజమానురాలి దగ్గరికి వెళ్ళి, వయసు కాదు, సెట్టు అని వివరించాను. ఆవిడ మంచిమనిషే. "సరే మేడం, వంట గిట్లనే ఉంటే నాకేం తక్లీఫ్ లేదు. ఉండనియ్యండి" అంది.

కథ ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. నేనూ రెండు వారాలు అలాగే అనుకున్నాను.

తేల్చుకోమనడం వైద్యం కాదు

సెట్టును నేను బలవంతంగా ఆమె చేతిలో పెట్టి వచ్చాను, వంట అయ్యాక పెట్టుకో అని చెప్పి. ఆమె దాన్ని ఒక స్టీలు డబ్బాలో వేసి అటక మీద పెట్టేసింది. సుజాత అడిగితే, "మళ్ళా పెట్టుకుంటే మళ్ళా నోరు మొద్దువారుతది. పొయ్యితోని ఆటలొద్దు" అందట. మళ్ళీ కొంగు వచ్చింది. మళ్ళీ నానబెట్టిన రొట్టె, మూలన ఒక్కతే తినడం. పిల్లలకు మంచి పప్పు దొరికింది, వాళ్ళ పెద్దమ్మ మాత్రం పాత మూలకు వెళ్ళిపోయింది.

పళ్ళా, పొయ్యా తేల్చుకో అని ఆమెతో ఎవరూ అనలేదు. కానీ మేం చేసింది అదే. ఆమె తేల్చుకుంది. నాకు నిద్రపట్టని కేసులు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

అప్పుడు ఆ రెండు కోరపళ్ళ వేళ్ళు అక్కరకొచ్చాయి. పై సెట్టు జారకుండా నిలవాలంటే మామూలుగా అంగిలి మొత్తం కప్పాల్సిందే, ఆ అతుకు మీదే అది ఆగుతుంది. కానీ లోపల రెండు గట్టి వేళ్ళు ఉంటే, వాటిని పట్టుగా చేసుకుని, మధ్య భాగం కోసేసి, గుర్రపు నాడాలా చుట్టూ మాత్రమే ఉండే సెట్టు చేయొచ్చు. విరగకుండా లోపల సన్నని లోహపు పట్టీ వేయాలి. పెద్దసార్ ఎప్పుడన్నా పనికొస్తుందన్నది దీనికోసమేనేమో. ఆయన అప్పటికి లేరు, ఉంటే ఫోన్ చేసి ఉండేదాన్ని.

బాలమణి రానంటే రానంది. సుజాత ఆమె మీద అలిగి ఒక పూట అన్నం మానేసింది, అప్పుడు వచ్చింది. నేను దాపరికం లేకుండా చెప్పాను. అంగిలి ఖాళీగా ఉంటుంది, రుచి తెలుస్తుంది. కానీ ఇది పాతదంత గట్టిగా కూర్చోదు. మెతుకులు దూరతాయి. కంకి కొరికితే ఊడినా ఊడొచ్చు.

"వంట చేయొస్తదా?"

"చేయొస్తుంది."

"పోరిలతోని కూసోని రొట్టె తినొస్తదా?"

"వస్తుంది."

"ఇంకేం గావాలె. కంకికి పాతది ఉన్నది కదా" అంది. రెండు సెట్ల ఉపాయం ఆమెదే. ఒకటి పొయ్యికి, ఒకటి కంకికి.

కొత్త సెట్టు పరీక్ష చేయడానికి ఈసారి నేను అద్దం తీయలేదు. సుజాతతో చెప్పి మూడు టిఫిన్ డబ్బాల్లో పప్పు తెప్పించాను. ఒకదానిలో ఉప్పు తక్కువ, ఒకదానిలో సరిపడా, ఒకదానిలో ఎక్కువ. క్లినిక్ అంతా పోపు వాసన. బయట కూర్చున్న పేషెంట్లు ఇక్కడ భోజనాలు కూడా పెడతారా అని అడిగారు. బాలమణి మూడింటినీ అరచేతిలో పోసుకుని నాకి, మధ్య డబ్బా మూత పెట్టి నా వైపు తోసింది. "ఇది నీకు. మిగిలినయి పోరిలు కావాలని పాడుచేసిన్రు" అంది. సరిగ్గా పట్టేసింది. ఆ పప్పు నేను మధ్యాహ్నం అన్నంలో కలుపుకుని తిన్నాను.

ఆదివారం భోజనం

మరుసటి ఆదివారం హాస్టల్ పిల్లలు నన్ను భోజనానికి పిలిచారు. మేడ మీద చాపలు పరిచారు. బాలమణి కొత్త సెట్టుతోనే వండి, దాంతోనే వడ్డించి, తన పళ్ళెం కూడా తెచ్చుకుని పిల్లల వరుసలో కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నేను పళ్ళ డాక్టర్నే కాబట్టి నా కళ్ళు ఆమె దవడ మీదే ఉన్నాయి. పై సెట్టు ఒకసారి కదిలింది, నాలుకతో సర్దుకుంది. నమలడం బాగానే ఉంది. ఆమె కళ్ళు మాత్రం పిల్లల పళ్ళేల మీదే తిరుగుతున్నాయి.

చారు పోసుకున్నాం. కబుర్లు ఆగిపోయాయి. నేనూ రుచి చూశాను, ఒక చిటికె తక్కువైనట్టు అనిపించింది. అతిథిని కదా, నోరు మెదపలేదు. పిల్లలందరూ తలలు దించుకుని తినేస్తున్నారు. సుజాత చారు గ్లాసు కింద పెట్టింది. ఎత్తింది. మళ్ళీ కింద పెట్టింది.

"పెద్దమ్మా, చారుల ఉప్పు జర తక్కువైంది."

అందరూ తినడం ఆపేశారు. బాలమణి తన గ్లాసులోంచి చారు అరచేతిలో పోసుకుని నాకింది. నాలుక అంగిలికి తాకించి, కళ్ళు మూసుకుని చూసింది.

"అవు, తక్కువనే ఉంది" అంది. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. సుజాత గ్లాసులో కొంచెం వేసి, వేలితో తిప్పి, వరుసలో మిగిలిన పిల్లల్ని చూసింది.

"దీనికొక్కదానికేనా తక్కువైంది?"

చివర కూర్చున్న పిల్ల గ్లాసు చాపింది. దాని పక్కపిల్ల చాపింది. ఒకదాని తర్వాత ఒకటి అన్ని గ్లాసులూ ముందుకొచ్చాయి. నేనూ నాది చాపాను.